పాత పడవకు కొత్త నేల: నా అనుభవం

ఫైబర్‌గ్లాస్ పడవ కుళ్లదని పాత పడవలు అమ్మేవాళ్లు ధీమాగా చెబుతారు. అందులో సగం నిజముంది. గాజు పోగును బూజు తినలేదు, ఆ పోగులను పట్టి ఉంచే రెజిన్ అనే గట్టిపడిన జిగురునూ తినలేదు. కానీ ఆ పెంకు లోపల ఏముందన్న ప్రస్తావన మాత్రం ఎవరూ తీసుకురారు. ఐదారు మీటర్ల మోటారు పడవల్లో, ముఖ్యంగా గత శతాబ్దపు చివరి దశాబ్దాల్లో తయారైనవాటిలో, మనం కాలు పెట్టే నేల సాధారణంగా ప్లైవుడ్డే. దాని కింద ముందు నుంచి వెనుకకు పొడవునా సాగే దూలాలు, అంటే స్ట్రింగర్లు, చాలావాటిలో చెక్కవే. ఇంజను బిగించే వెనుక గోడను ట్రాన్సమ్ అంటారు, అందులోనూ చెక్కే ఉంటుంది. వీటన్నిటికీ గాజు గుడ్డతో, రెజిన్‌తో ఒక తొడుగు వేసి వదిలేస్తారు. ఆ తొడుగు నీటిని బయట ఆపినంత కాలం అంతా బాగానే ఉంటుంది. లోపలికి నీరు చేరిందంటే మాత్రం, అదే తొడుగు ఆ నీటిని బయటకు పోనివ్వదు.

నేను కొన్నది అలాంటి పడవే. ఇంజను బాగుంది, పెంకు బాగుంది, నేల ఒకచోట కొంచెం మెత్తబడిందని అమ్మిన ఆయనే దాచకుండా చెప్పాడు. ఆ మెత్తదనం ఎంత దూరం పాకిందో తేల్చుకోవడం నా మొదటి పని అయింది.

నేల మీద అతికించిన తివాచీని ముందు పీకేశాను. పడవలో తివాచీ వేయాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, చెక్కను కుళ్లబెట్టడానికి అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. అది పీల్చుకున్న తడి త్వరగా ఆరదు, కింద జరిగేది కనపడదు. తివాచీ పోయాక, ప్లాస్టిక్ పిడి ఉన్న సుత్తి తిరగేసి పట్టుకుని, పిడితో జానెడు జానెడు దూరంలో నేలంతా తట్టుకుంటూ వెళ్లాను. చెక్క గట్టిగా ఉన్నచోట ఖణీమని తేలికపాటి శబ్దం వస్తుంది. చివికినచోట శబ్దం మొద్దుబారుతుంది. ఆ మొద్దు శబ్దం మొదలైన ప్రతి చోటా సుద్దముక్కతో గీత గీశాను. గీతలన్నీ కలిపి చూస్తే మరక ఆకారం తేలింది: వెనుక భాగంలో గోడ నుంచి గోడ దాకా వెడల్పుగా, ముందుకు వచ్చేకొద్దీ సన్నగా, మధ్యలో రెండు సీట్ల కాళ్ల చుట్టూ రెండు విడి మచ్చలు.

ఆ ఆకారం చూడగానే సగం కథ తెలిసిపోయింది. సీట్ల కాళ్లను నేలకు మరమేకులతో బిగించారు, ఆ రంధ్రాలకు ఏ సీలెంటూ పెట్టలేదు. మరమేకులు తిప్పితే తిరుగుతూనే ఉన్నాయి, పట్టు లేదు. ఒకదాన్ని బయటకు లాగితే దాని వెంట గోధుమ రంగు నీరు ఊరింది. వెనుక భాగం కుళ్లడానికి కారణం వేరు. అక్కడ నీరు పై నుంచి కాదు, కింద నుంచి వచ్చింది. దాని సంగతి నేల తెరిచాక గానీ పూర్తిగా అర్థం కాలేదు.

చెక్క కుళ్లడమంటే నీటికి నానిపోవడం మాత్రమే కాదు. కుళ్లబెట్టేది శిలీంధ్రం. దానికి నీరు, గాలి, కాస్త వెచ్చదనం మూడూ కావాలి. చెక్కలో తేమ సుమారు 20 శాతం లోపు ఉంటే అది పెరగలేదు. పూర్తిగా నీటిలో మునిగి గాలి అందని చెక్క కూడా ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుంది. పడవ నేల కింద ఉండేది ఈ రెండింటి మధ్య పరిస్థితి: ఎప్పుడూ చెమ్మ, కొద్దిగా గాలి, ఎండకు వేడెక్కే పెంకు. పైగా ఉప్పునీటి కన్నా వాన నీరే ఎక్కువ చేటు చేస్తుంది. ఉప్పు శిలీంధ్రాన్ని కొంతవరకు అడ్డుకుంటుంది, వాన నీటికి ఆ గుణం లేదు. కాబట్టి చాలా పడవలు నీటి మీద తిరిగి కాదు, కప్పు లేకుండా ట్రైలర్ మీద నిలబడి, వానకు నిండి పాడవుతాయి.

అడ్డదారులు చెప్పేవాళ్లకు కొదవ లేదు. మెత్తబడిన నేల మీదే మరో ప్లైవుడ్ పలక పరిచి గాజు గుడ్డ వేసేయమన్నారు కొందరు. అలా చేస్తే తడి ఇంకా గట్టిగా బిగిసిపోతుంది, పడవ బరువు పెరుగుతుంది, కింద కుళ్లు ఆగదు. చిన్న రంధ్రాలు చేసి పల్చని ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ఒక రకం రెజిన్, పోయమన్నారు మరికొందరు. పల్చని ఎపాక్సీ పొడి చెక్కలోకి ఎంతో కొంత ఇంకుతుంది. తడిసిన చెక్కలోకి ఇంకదు, ఎందుకంటే ఆ ఖాళీల్లో ఇప్పటికే నీరుంది. ఇంకిన చోట కూడా చెక్క గట్టిపడుతుంది తప్ప, తెగిపోయిన పోగుల బలం తిరిగి రాదు. పడవలు బాగుచేసే ఒక పెద్ద మేస్త్రీని అడిగితే ఆయన ఒకే మాట అన్నాడు: "ముందు నేల తెరవండి బాబూ. తెరవకుండా కింద సంగతి నేనూ చెప్పలేను, ఇంకెవరూ చెప్పలేరు."

తెరిచే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇవి విసుగ్గా ఉంటాయి గానీ తప్పవు. పెట్రోలు ట్యాంకు నేల కిందే ఉంటే దాన్ని ఖాళీ చేసి, ఆవిరి పూర్తిగా పోయాకే రంపం పట్టాలి. నా పడవలో ట్యాంకు విడిగా తీసేదే కావడం అదృష్టం. స్టీరింగ్ తీగ, బ్యాటరీ వైర్లు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో చూసుకుని ఫోటోలు తీసుకున్నాను. అన్నిటికన్నా ముఖ్యం పెంకు ఆకారం. నేల, దూలాలు పెంకును బిగించి ఉంచే ఎముకలు. వాటిని తీసేస్తే పెంకు తన బరువుకు తానే సాగిపోవచ్చు, ట్రైలర్ రోలర్లు ఆనిన చోట లోపలికి నొక్కుకుపోవచ్చు. ఆ ఆకారంలోనే కొత్త దూలాలు అతికిస్తే ఆ వంకర శాశ్వతమైపోతుంది. అందుకని పెంకు కింద పొడవునా అదనపు దిమ్మలు పెట్టి, ఎక్కడా వేలాడకుండా చూసుకున్నాను. పై అంచుల మధ్య అడ్డంగా రెండు చెక్క పట్టీలు బిగించి వెడల్పును కదలకుండా కట్టేశాను. అంచు నుంచి అంచుకు దారం లాగి, దాని నుంచి నేల దాకా లోతు ఎంతో పలుచోట్ల కొలిచి రాసుకున్నాను. పాత నేల పోయాక కొత్త నేల ఏ ఎత్తులో ఉండాలో చెప్పేది ఆ అంకెలే.

వృత్తాకార రంపం లోతును నేల మందానికి సరిపెట్టి, అంతకు మించి దిగకుండా కోశాను. పక్క గోడలకు ఆనించి కోయకుండా చుట్టూ 5 సెంటీమీటర్ల అంచు వదిలాను. అంచున ఉన్న చివికిన చెక్కను తర్వాత ఉలితో తీసేసినా, పాత నేల పెంకును కలిసిన గీత ఎత్తు గుర్తుగా మిగులుతుంది. కుళ్లిన భాగం చేత్తో లాగితే వచ్చేసింది. పై గాజు పొర ఒక షీటులా లేచింది, దాని కింద ప్లైవుడ్ ఉండాల్సిన చోట నల్లని పొట్టు ఉంది. మంచిగా ఉన్న భాగమే నరకం చూపించింది, పాతికేళ్ల జిగురు పట్టు వదలదు కదా.

నేల కింద ఫోమ్ కనిపించింది. రెండు ద్రవాలు కలిపి పోస్తే పొంగి గట్టిపడే పాలీయురెథేన్ ఫోమ్ అది. పడవలో నీరు నిండినా మునగకుండా తేల్చి ఉంచడం దాని పని. లోపలి సన్నని గాలి గదులన్నీ విడివిడిగా మూసుకుపోయిన రకం కాబట్టి నీరు పీల్చదని అంటారు. కొన్ని రోజులకైతే పీల్చదు. ఏళ్ల తరబడి నీటిలో కూర్చుంటే పీలుస్తుంది. పై భాగం పసుపుగా, పొడిగా ఉంది. చేయి లోపలికి పెట్టి అడుగు నుంచి ఒక ముక్క పెకలిస్తే నల్లగా, చేతికి బరువుగా వచ్చింది. పిండితే నీరు కారింది.

దీని లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పడవల్లో వాడే మామూలు ఫోమ్ ఘనమీటరుకు 32 కిలోల బరువుంటుంది, అంటే లీటరుకు 32 గ్రాములు. అదే లీటరు పూర్తిగా నానితే కిలోకు దగ్గర పడుతుంది. నేల కింద 300 లీటర్ల ఫోమ్ ఉండి, అందులో మూడో వంతు నానిందనుకుంటే చాలు, పడవ తనకు తెలియకుండా 100 కిలోల దాకా నీటిని ఎత్తుకుని తిరుగుతున్నట్టు. అంతే కాదు, ఆ మేర తేల్చే శక్తి కూడా పోయినట్టే. పెంకు బయట పాత నీటి గీత వెనుక భాగంలో ఎందుకు అంత పైకి ఉందో అప్పుడు అర్థమైంది. ఆరబెడితే ఆరుతుందేమోనని కొన్ని ముక్కలు ఎండలో పెట్టి చూశాను. పై చర్మం ఆరింది, లోపల తడి అలాగే ఉంది. మొత్తం పారతో తవ్వి తీసేశాను.

ఫోమ్ పోయాక అసలు దోషి బయటపడింది. పడవ అడుగున చేరిన నీరు వెనుకకు పారి, ట్రాన్సమ్ కింది రంధ్రం గుండా బిరడా తీసినప్పుడు పోవాలి. అలా పారడానికి దూలాలకూ అడ్డ పలకలకూ అడుగున చిన్న రంధ్రాలు ఉంచుతారు. ఈ పడవలోనూ ఉంచారు. కానీ ఫోమ్ పోసినప్పుడు అది పొంగి సగం రంధ్రాలను పూడ్చేసింది. మిగిలిన సగం చెక్కను తొలిచి అలాగే వదిలేసినవి, లోపల పచ్చి చెక్క పోగులు నీటికి నోరు తెరుచుకుని ఉన్నాయి. కర్మాగారం నుంచి వచ్చిన రోజే ఈ పడవకు రోగం మొదలైందన్నమాట. పాత యజమానిని ఏమీ అనడానికి లేదు.

నేల చివకడం రోగ లక్షణమే. నీటికి పోయే దారి లేకపోవడం రోగం. ఇది కళ్లారా చూశాక మిగతా పనంతా వేరేగా ఆలోచించాను. ఎక్కడ ఏ చెక్క పెట్టినా, ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇక్కడికి నీరు వస్తే ఎటు పోతుంది?

దూలాలను పరీక్షించడానికి పక్క నుంచి 6 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసుకుంటూ వెళ్లాను. మంచి చెక్క నుంచి లేత రంగు పొడి చుట్టలు వస్తాయి. చెడిన చెక్క నుంచి నల్లని ముద్ద వస్తుంది, వాసన కూడా తెలుస్తుంది. ఒక దూలం వెనుక సగం పోయింది, రెండోది నీటి రంధ్రం చుట్టూ మాత్రం చెడింది. మిగిలినవి బాగున్నాయి. ట్రాన్సమ్‌నూ అలాగే తొలిచి చూశాను. ఇంజను కింది భాగాన్ని పట్టుకుని బలంగా పైకీ కిందికీ ఊపి, వెనుక గోడ వంగుతోందేమో కూడా చూశాను. కదల్లేదు. అది కూడా పోయి ఉంటే ఈ పడవను వదులుకునేవాణ్నని నిజాయితీగా చెబుతున్నాను.

దూలం తీయడానికి దాని గాజు తొడుగును పై నుంచీ ఒక పక్క నుంచీ కోసి, లోపలి చెక్కను తవ్వి తీశాను. రెండో పక్క గోడను ఉంచేస్తే కొత్త చెక్కను ఆనించి నిలబెట్టడానికి సరైన చోటు దొరుకుతుంది. ఒక దూలం పూర్తిగా వేసి, గట్టిపడ్డాకే రెండోదాన్ని ముట్టుకున్నాను. రెండూ ఒకేసారి తీస్తే పెంకును పట్టుకునే బలం బాగా తగ్గిపోతుంది.

ఇక గ్రైండింగ్. ఈ పని గురించి ఎంత చెప్పినా చేసినవాడికే తెలుస్తుంది. పాత ఫైబర్‌గ్లాస్ మీద కొత్త రెజిన్ రసాయనికంగా కలవదు, గరుకును పట్టుకుని నిలుస్తుంది. అందుకని అతికే ప్రతి చోటా పాత రంగు, మురికి, మెరుపు పోయేదాకా 40 నంబరు గరుకు చక్రంతో రుద్దాలి. రుద్దే ముందే జిడ్డును కరిగించే ఎసిటోన్‌తో తుడవాలి, తర్వాత తుడిస్తే చాలదు. ముందు తుడవకపోతే మైనం, నూనె జిడ్డు గరుకు గీతల్లోకే వెళ్లి కూర్చుంటాయి. ఒళ్లంతా కప్పే పలచని దుస్తులు, చేతి తొడుగులను మణికట్టు దగ్గర టేపుతో చుట్టడం, కళ్లకు మూసి ఉండే అద్దాలు, ముఖానికి బిగుతుగా పట్టే వడపోత మాస్కు, ఇవి లేకుండా మొదలుపెట్టకూడదు. గుడ్డ మాస్కు గాజు ధూళికి అడ్డం కాదు. పని అయ్యాక చన్నీళ్లతో కడుక్కోవాలి. వేడినీళ్లతో రుద్దుకుంటే గాజు ముక్కలు చర్మంలోకి ఇంకా దిగుతాయని మేస్త్రీ ముందే హెచ్చరించాడు. ఇన్ని చేసినా మెడ దగ్గర దురద తప్పలేదు. ఆ దురద మూడోనాటికి తగ్గుతుందని తెలిస్తే కాస్త ఓపిక వస్తుంది, అంతే.

రెజిన్ ఏది వాడాలన్నది తెగని చర్చ. పడవలన్నీ దాదాపుగా పాలియెస్టర్ రెజిన్‌తోనే తయారవుతాయి. అది చవక, త్వరగా గట్టిపడుతుంది, ఉత్ప్రేరకం 1 నుంచి 2 శాతం కలిపితే చాలు. ఆ ఉత్ప్రేరకం కంట్లో పడితే చూపే పోవచ్చు, అది వేరే సంగతి. కొత్తగా అచ్చులో పడవ పోస్తున్నప్పుడు పాలియెస్టర్‌కు తిరుగు లేదు. కానీ పాత పొర మీద అతకడంలో, చెక్కకు పట్టుకోవడంలో ఎపాక్సీ దానికన్నా ఎంతో మెరుగు. మరమ్మతు అంటేనే పాత దాని మీద కొత్తది అతికించడం కాబట్టి నేను ఎపాక్సీనే తీసుకున్నాను. దీనికి రెండు షరతులున్నాయి. మొదటిది, రెజిన్‌కు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌కు చెప్పిన నిష్పత్తి కచ్చితంగా పాటించాలి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే అది ఎప్పటికీ జిగటగానే ఉంటుంది. రెండోది గుడ్డ ఎంపిక. చిన్న చిన్న గాజు పోగులను జిగురుతో అంటించి చేసే మామూలు మ్యాట్‌ను పాలియెస్టర్ కోసం తయారుచేశారు. ఆ జిగురు పాలియెస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవానికి కరుగుతుంది, ఎపాక్సీకి సరిగా కరగదు, మ్యాట్ బిరుసుగా ఉండి మూలలకు వంగదు. ఎపాక్సీకి రెండు వైపులా వాలుగా పోగులు పరిచి దారంతో కుట్టిన బయాక్సియల్ గుడ్డ సరిపోతుంది. పోగులు 45 డిగ్రీల వాలులో ఉండటం వల్ల దూలం అడుగున మూల తిరిగేచోట ఒక్క పోగు కూడా విరగదు.

కొత్త చెక్కకు మెరైన్ ప్లైవుడ్డే వాడాను, నేలకు 12 మిల్లీమీటర్లది. మరిగే నీటిని తట్టుకునే జిగురు, లోపలి పొరల్లో ఖాళీలు లేకపోవడం దాని ప్రత్యేకత. లోపల ఖాళీ ఉంటే నీరు అక్కడే దాక్కుంటుంది. మెరైన్ అన్నంత మాత్రాన అది కుళ్లదని కాదు, అన్ని వైపులా పూత వేయకపోతే అదీ కుళ్లుతుంది. అట్టముక్కలు కత్తిరించి, టేపుతో అంటించి నేల ఆకారానికి అచ్చు చేసుకున్నాను. పెంకు వంపును కొలతలతో పట్టుకోవడం కన్నా ఇది ఎంతో తేలిక. అచ్చు ప్రకారం కోసేటప్పుడు అంచులను పెంకుకు ఆనకుండా 5 మిల్లీమీటర్లు తక్కువగా కోశాను. చెక్క అంచు పెంకుకు గట్టిగా ఆనితే అల దెబ్బ తగిలినప్పుడు పెంకు ఆ గీత దగ్గరే వంగి, కాలక్రమంలో అక్కడే బీటలు వారుతుంది. దూలాలనూ అలాగే పెంకు మీద నేరుగా నిలబెట్టకుండా, చిక్కని ఎపాక్సీ లప్పం పరిచి దాని మీద కూర్చోబెట్టాను.

పలకలకు మూడు పూతల ఎపాక్సీ వేశాను. కోసిన అంచులు తాగినంత తాగుతాయి, వాటికి ముందు తాగించి తర్వాతే మిగతాది. ఇక్కడ మేస్త్రీ చెప్పిన ఒక కిటుకు బాగా పనికొచ్చింది. ఉదయం పూట చెక్క వేడెక్కుతూ ఉంటే లోపలి గాలి వ్యాకోచించి పూతలోంచి బుడగలుగా బయటకు వస్తుంది, ప్రతి బుడగా ఒక సూది రంధ్రం వదిలిపోతుంది. అదే సాయంత్రం చెక్క చల్లబడుతుంటే లోపలి గాలి ముడుచుకుని రెజిన్‌ను లోపలికి లాక్కుంటుంది. అప్పటి నుంచి మొదటి పూతలన్నీ పొద్దు వాలాకే వేశాను. కలిపిన ఎపాక్సీని లోతైన డబ్బాలో ఉంచకుండా వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోయడం కూడా ఆయన అలవాటే. గుంపుగా ఉంటే దాని వేడికి అదే ఉడికి పొగలు కక్కుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే గట్టిపడే సమయం సుమారు సగానికి తగ్గిపోతుందని గుర్తుంటే, ఒకసారికి ఎంత కలపాలో అదే తెలుస్తుంది.

దూలం పెంకును కలిసే మూలలో చిక్కని లప్పంతో గుండ్రని వంపు తీర్చాను. ఎపాక్సీలో సిలికా పొడి కలిపితే గోడ మీద జారని లప్పం తయారవుతుంది. ఆ వంపు లేకుండా నిలువు మూలలో గుడ్డ వేస్తే అది మూలకు అంటక, వెనుక గాలి ఖాళీ మిగులుతుంది. లప్పం ఇంకా పచ్చిగా ఉండగానే గుడ్డ పట్టీలు వేశాను. మొదటిది ఇరుకు, రెండోది దానికన్నా వెడల్పు, మూడోది ఇంకా వెడల్పు. అన్నీ ఒకేచోట ముగిస్తే అక్కడ మెట్టులా ఏర్పడి బరువంతా ఆ గీత మీద పడుతుంది. రోలర్‌తో నొక్కుతూ తెల్లమచ్చలు పోయేదాకా తడిపాను. తెల్లగా ఉందంటే అక్కడ గాలి ఉన్నట్టు.

నీటి రంధ్రాల దగ్గరే అన్నిటికన్నా ఎక్కువ సేపు కూర్చున్నానేమో. అవసరమైన దానికన్నా పెద్ద రంధ్రం తొలిచి, లోపల ఎపాక్సీ పూసి, పీవీసీ గొట్టం ముక్కను లప్పంలో కూర్చోబెట్టాను. నీటికి ఇక గొట్టమే తగులుతుంది, చెక్క తగలదు. గొట్టం అడుగు పెంకు మట్టానికి సమంగా ఉండేట్టు చూశాను. కొద్దిగా పైకి ఉన్నా దాని ముందు వేలెడు లోతు నీరు ఎప్పటికీ నిలిచిపోతుంది. అలా మిగిలిన చిన్న చిన్న పల్లాలను కూడా లప్పంతో నింపి వాలు తీర్చాను. ఆ తర్వాత పడవ ముక్కును కాస్త పైకి ఎత్తి, ముందు భాగంలో ఒక బకెట్ నీళ్లు పోసి చూశాను. ఎక్కడ ఆగుతుందో, ఏ పక్కకు తిరుగుతుందో చూసి సరిచేయడం, మళ్లీ పోయడం. చూసేవాళ్లకు పిచ్చి పనిలా ఉంటుంది. నేల వేసేశాక ఆ అవకాశం మళ్లీ రాదు.

ఫోమ్ విషయంలో చాలామంది విసిగిపోయి, తీసేసింది మళ్లీ పోయరు. ఇది ప్రమాదం. ఫైబర్‌గ్లాస్ నీటికన్నా బరువు, పైన ఇంజను ఉంటుంది. నీరు నిండితే తేల్చేది ఏదీ లేకపోతే పడవ అడుగంటుతుంది. పొడి ఫోమ్ ఒక్కో లీటరు కిలోకు కాస్త తక్కువ బరువును తేల్చి పట్టుకుంటుంది. నేను నేల వేయకముందే, తెరిచి ఉన్న గదుల్లో ఫోమ్ పోశాను. మూసిన నేలలో రంధ్రం చేసి పోస్తే అది పొంగే బలానికి నేలనే పైకి ఎత్తేయగలదు. పోయడానికి ముందు పెంకు అడుగున నీరు పారే గీత వెంట, నిలువునా చీల్చిన పెద్ద పీవీసీ గొట్టాన్ని బోర్లించి పెట్టాను. ఫోమ్ దాని పైన నిండింది, కింద నీటికి సొరంగం మిగిలింది. కలిపాక నిమిషం లోపే పొంగడం మొదలవుతుంది కాబట్టి చిన్న చిన్న విడతలుగా పోయాలి. ఆ ఆవిరి పీల్చకూడదు, దానికి తగిన మాస్కు, ధారాళమైన గాలి తప్పనిసరి. నేల మట్టానికి పైకి వచ్చింది రంపంతో కోసేస్తే సరి.

నేల పరచడం వీటన్నిటితో పోలిస్తే పండుగే. దూలాల తలల మీద లప్పం పరిచి, పలకలను కూర్చోబెట్టి, పైన నీళ్ల డబ్బాలు బరువు పెట్టాను. రెండు పలకలు కలిసే చోట కింద వెడల్పాటి పట్టీ అంటించాను. పెంకుకు వదిలిన సందులో లప్పం నింపి, మూలకు వంపు తీర్చి, చుట్టూ గుడ్డ పట్టీలు, ఆ తర్వాత నేలంతా ఒక పొర గుడ్డ. ఎపాక్సీ గట్టిపడ్డాక పైన మైనంలా ఒక జిడ్డు పేరుకుంటుంది. అది ఎసిటోన్‌కు పోదు, మామూలు నీళ్లతో గరుకు పీచు పెట్టి రుద్దితే పోతుంది. కడగకుండా గరుకు కాగితం పట్టిస్తే ఆ జిడ్డు కిందికే రుద్దుకుని పైన వేసే పూత ఊడిపోతుంది. ఎపాక్సీ ఎండకు తట్టుకోదు కూడా, కాబట్టి పైన రెండు భాగాల పాలీయురెథేన్ రంగు వేశాను. కాలు జారకుండా మొదటి పూత పచ్చిగా ఉండగా సన్నని ఇసుక చల్లి, ఆరాక ఊడిపోయేది ఊడ్చేసి, మరో పూత వేశాను. తివాచీ జోలికి పోలేదు.

సీట్లను మళ్లీ బిగించేటప్పుడు ప్రతి మరమేకు చోటా ముందు దానికన్నా బాగా లావు రంధ్రం చేసి, చిక్కని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని నడుమ అసలు రంధ్రం చేశాను. మరమేకు ఎపాక్సీని పట్టుకుంటుంది, నీరు కారినా చెక్కదాకా చేరదు. పాతవాళ్లు ఇదొక్కటి చేసి ఉంటే సీట్ల చుట్టూ ఆ రెండు మచ్చలు పుట్టేవే కావు. వెనుక భాగంలో నేలకు ఒక గుండ్రని తనిఖీ మూత కూడా పెట్టాను. దాన్ని తీసి చేయి పెడితే దూలం అడుగు, నీటి గొట్టం చివర అందుతాయి.

ఇప్పుడు పడవ నీటి మీద కూర్చునే తీరు మారింది. వెనుక భాగం మునుపటి మరక కన్నా బాగా పైకి తేలుతోంది. ఒడ్డుకు తీసిన వెంటనే బిరడా తీస్తాను, ట్రైలర్ ముక్కును ఎత్తి పెడతాను, పైన కప్పు వేసి పక్కల నుంచి గాలి ఆడే సందు వదులుతాను. వానాకాలం దాటాక తనిఖీ మూత తీసి చూస్తే గొట్టం నోట్లో ఎండిన దుమ్ము ఉంది. దాన్ని తుడిచి మూత బిగించాను.